కడగనిచ్చిన ఫోటో

మా చిన్నప్పుడు... మా మేనమామ మా అమ్మకి ఓ మాట ఇచ్చాడు. "ఈసారి పర్ణశాల పోయినప్పుడు నీ ఫోటో తీస్తనక్కా" అని. అప్పటిదాకా అమ్మ ఒక్క ఫోటో కూడా దిగలేదు.

మామ కొత్తగూడెంలో గుమాస్తా. పెనుబల్లి పక్కన మా పల్లెకి మొదట కెమెరా తెచ్చింది ఆయనే... నల్లటి డబ్బా, పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగి చూడాలి. పిల్లలం వెంటపడేవాళ్ళం. ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పర్ణశాలకి మాతోపాటు ఆయన ఆఫీసరు కుటుంబం కూడా వచ్చింది. పొద్దంతా వాళ్ళకే తీశాడు. ఆఫీసరమ్మ రేవులో, ఆఫీసరమ్మ పడవలో, వాళ్ళ పిల్లలు కోతులతో... అమ్మ పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర కట్టుకుని, కొంగు సర్దుకుంటూ కూర్చుంది.

ఎండ వాలుతుండగా పిలిచాడు. సీతమ్మ చీర ఆరేసిందని చెప్పే బండలున్నాయి కదా, ఆ వాగు పక్కన కూర్చోబెట్టాడు. "నవ్వక్కా... కదలకు..." నీళ్ళ మీద పడ్డ ఎండ ఎగిరి అమ్మ గడ్డం కింద, చెంపల మీద కదులుతోంది. రోజూ చూసే మొహమే... మా అమ్మ ఇంత బాగుంటుందా అని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. టక్‌మని చప్పుడైంది.

జీవితమంతా కెమెరా పట్టి చెబుతున్నాను... అంత వెలుగు మళ్ళీ నాకు దొరకలేదు.

తరవాత మామ ఎప్పుడొచ్చినా అమ్మ ఫోటో సంగతి అడిగేది. "కడగనిచ్చినక్కా" అనేవాడు. అప్పట్లో ఫోటోలు కడిగేవాళ్ళు... అందరి నోటా అదే మాట.

"ఇంకా కడుగుతనే ఉండ్రా? నా మొహం గంత మురికిగుందారా?" అని నవ్వేది అమ్మ.

"సబ్బు చాలలేదేమో, నేను పంపిస్త తియ్" అనేవాడు నాన్న. మామ కూడా మాతో కలిసి నవ్వేవాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఆ వానాకాలమే జ్వరం వచ్చి అమ్మ పోయింది... దవాఖానాకి చేరేలోపే.

పాడె కట్టేముందు నాన్న మామని అడిగాడు. "ఆ ఫోటో ఏడుంది బామ్మర్దీ? జల్దీ తెప్పియ్."

మామ తల వంచుకున్నాడు. "అప్పటికే రీలు అయిపోయింది బావా... అక్క చిన్నబుచ్చుకుంటదని ఉత్తగ నొక్కిన."

"ఉత్తగనా?" అన్నాడు నాన్న.

సత్తుపల్లి నుంచి స్టూడియో జానీ సాబ్‌ని పిలిపించారు. అమ్మని కుర్చీలో, గోడకి ఆనించి కూర్చోబెట్టారు. "కండ్లు నేను తెరిపిస్త, ఫికర్ జేయకుండ్రి" అన్నాడాయన. పోయినవాళ్ళ ఫోటో మీద సన్న కుంచెతో తెరిచిన కళ్ళు గీసేవాళ్ళు అప్పట్లో... పాపం, ఆయనకి ఒక్క రకం కళ్ళే వచ్చు. ఓసారి చుట్టాలింటికి పోతే గోడ మీద గుబురు మీసాల తాత... కళ్ళేమో మా అమ్మవి! నేను ఏడుపు లంకించుకున్నాను. "మా తాత గంత భయంకరంగున్నడా ఏంది?" అని ఆ ఇంటివాళ్ళు నొచ్చుకున్నారు.

పెద్దయ్యాక అదే జానీ సాబ్ దగ్గర పనికి చేరాను. చీకటి గది, ఎర్ర బల్బు... మందు నీళ్ళలో తెల్ల కాగితం వేశాడు. ఏమీ లేదు... ఏమీ లేదు... ముందు జుట్టు వచ్చింది. తరవాత కనుబొమలు. ఎవరో కొత్త పెళ్ళికూతురు. నేను కాగితం పైకి తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"జల్దీ చేయకు బేటా. కండ్లు రానియ్."

వచ్చాయి... ఎవరూ గీయకుండానే, నీళ్ళ అడుగునుంచి నన్నే చూస్తూ. తెలియకుండానే చేతులు జోడించాను. గుడిలో కూడా నాకెప్పుడూ అట్లా కాలేదు.

ఫోటో అంటే ఏమిటని తరవాత చాలా పుస్తకాలు చదివాను. కాలం, మరణం అని పెద్ద పెద్ద మాటలు రాశారు మహానుభావులు... ఉత్త కెమెరా ముందు నవ్విన మనిషి గురించి ఒక్కరూ రాయలేదు. పోటీలకి జడ్జీలుగా వచ్చేవాళ్ళు "అడవి పక్కనే ఉండి అన్నీ మొహాలేనా? ఒక నెమలి లేదా?" అని నా ఫోటోలు పక్కన పడేసేవాళ్ళు. పడేయండి. వెలుగు పడి, తెలిసిన మనిషే కొత్తగా కనబడే క్షణం ఒకటుంటుంది... సంతలో గాజులమ్మే ఆమెకైనా, మిర్చి కల్లంలో కూలికొచ్చిన పిల్లకైనా వస్తుంది. ఇన్ని చూశాక కూడా అది నాకు నమ్మశక్యం కాదు. అందుకే ఈ మోకాళ్ళ నొప్పులతో, ఇప్పటికీ తెల్లారగట్లే కెమెరా భుజాన వేసుకుని బయలుదేరతాను.

మామ ముసలివాడయ్యాక ఒక పెళ్ళిలో "అల్లుడూ, నాదొకటి తియ్యరాదూ" అన్నాడు. తీశాను. రీలు వేసే తీశాను. మంచిగా వచ్చింది. ఆయన పెద్దకర్మ రోజు దానికే దండ వేశారు... కళ్ళు ఆయనవే.

ఇప్పుడు రీలు అయిపోవడం లేదు, కడగనిచ్చే పనీ లేదు. పొద్దున తిన్న ఇడ్లీకి కూడా ఫోటో ఉంటోంది. మీ ఇంట్లో ఒక్క ఫోటో అయినా లేకుండా పోయినవాళ్ళుంటే... వాళ్ళ మొహం ఎట్లా ఉండేదో కింద రాయండి. అన్నీ చదువుతాను.

నేనైతే రాయలేను. వాగు వెలుగు గుర్తుంది, చీర రంగు గుర్తుంది... కళ్ళ దగ్గరికొచ్చేసరికి జానీ సాబ్ గీసినవే కనబడుతున్నాయి. ఆయన్ని ఏమీ అనను, తనకు వచ్చింది గీశాడు. జ్వరాన్నీ అనను. పోయినవాళ్ళని అనకూడదని మా బంధువులు ఫోన్లు చేస్తారు... చేయండి. రీలు లేదని ఒక్క మాట చెప్పి ఉంటే నాన్న ఆ వారంలోనే అమ్మని సత్తుపల్లి తీసుకుపోయి ఫోటో తీయించేవాడు. చెప్పకుండా మాతో కలిసి నవ్వింది మా మేనమామ... వెంకట్రామయ్య.