లారీ మీటర్లకు కొత్త లైట్లు

మా బాపు పాత లారీలో మీటర్ల వెనుక బల్బులు మసకబారి, పొద్దుగూకితే స్పీడు ముల్లు కనబడేది కాదు. ఒక ఆదివారం భూపాలపల్లిలో ఇంటి ముందరే డాష్‌బోర్డు విప్పి నేనే ఎల్ఈడీలు పెట్టిన. ఒకటి వెలగలేదు. తిప్పి పెడితే వెలిగింది. బాపు మురిసిపోయిండు.

ఆ సాయంత్రమే ముగ్గురం లారీలో కాళేశ్వరం బయలుదేరినం. చీకటి పడంగనే మీటర్లు తెల్లగ మెరిసినయ్. మధ్యలో కూసున్న అమ్మ వంగి చూసింది.

"ఏందయ్యా, అరవై మీదున్నది? ఇన్నేండ్లు అడిగినప్పుడల్లా నలభై అంటివి గదా!"

బాపు యాక్సిలరేటరు మీంచి కాలు తీసిండు. నాకు నవ్వాగలేదు.

ఇంటికొచ్చినంక బాపు నన్ను పక్కకు పిలిచి, "పాత బల్బులు ఉన్నయా బిడ్డా?" అని మెల్లగ అడిగిండు.

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ అన్నది: "ఇంటికి రాంగనే గవి పారేసిన."