క్వార్టర్ ముందు మోటారు బోటు

ఢిల్లీ కంటోన్మెంట్‌లో మా క్వార్టర్ ముందు ఒక మోటారు బోటు ఉండేది. నీళ్ళలో కాదు, ఇనప ట్రాలీ మీద, వేపచెట్టు కింద. దాని అడుగున వాన నీళ్ళు, పెట్రోలు, పావురాల రెట్ట కలిసి కుళ్ళి ఒక కంపు కొట్టేది. వంటింట్లోకి, ఆరేసిన బట్టల్లోకి, తినే అన్నంలోకి ఆ కంపే. తొంభైల మొదట్లో మాట ఇది.

కొన్నది మా ఆయన. ఫౌజులో రిటైర్మెంటుకి ఏడాది ఉంది. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయాలి కనుక నోయిడాలో మాజీ సైనికుల సొసైటీలో ఒక ఫ్లాటు బుక్ చేసుకున్నాం. ఆఖరి వాయిదా కోసం దాచిన డబ్బు తీసుకెళ్ళి, పక్క బ్లాకులో ఉండే మన తెలుగు సుబేదారు చేతిలో పోసి ఈ బోటు తెచ్చారు. ఆ సుబేదారు దాన్ని హర్యానా వైపు ఒక చెరువులో జనాన్ని తిప్పడానికి కాంట్రాక్టరుకి ఇచ్చేవాడట. ఇప్పుడు రిటైరై ఏలూరు వెళ్ళిపోతున్నాడు.

"ఇంటి డబ్బు తీసి పడవకి పెడతారా?" అన్నాను.

"స్కూటర్ సంగతి మర్చిపోయావా?" అన్నారు.

ఎలా మర్చిపోతాను! క్యాంటీన్ కోటాలో తీసుకున్న స్కూటర్‌ని నాలుగేళ్ళు నడిపి, కొన్నదానికంటే ఎక్కువకి అమ్మిన మనిషి ఆయన. ఆయనొక్కరే కాదు, కంటోన్మెంట్‌లో అందరిదీ అదే వరస. బయట జనం స్కూటర్ బుక్ చేసి ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చునే రోజుల్లో మా పాత బళ్ళకి గిరాకీ ఉండేది. దాంతో ఇంజినున్న వస్తువేదైనా వాడేకొద్దీ రేటు పెరుగుతుందని వీళ్ళ బుర్రల్లో నాటుకుపోయింది. పైగా మా ఆయనది గోదావరి లంక. బోటు గురించి ఆయనకి నేను చెప్పేదేమిటి? వేసవంతా తిప్పి, చలికాలానికి లాభానికి అమ్మి, ఫ్లాటు వాయిదా కట్టేస్తామన్నారు.

వేసవి సగంలోనే ఆ చెరువు ఎండిపోయింది. మీ బోటు మీరు తీసుకుపొమ్మన్నాడు కాంట్రాక్టరు. అలా వచ్చి పడింది నా గుమ్మంలో ఆ దరిద్రం.

ఛత్తర్‌పూర్ ఫాంహౌసుల వాళ్ళకి పాత సరుకు అమ్మిపెట్టే దళారి ఒకడు వచ్చాడు. పాన్ నములుతూ బోటు చుట్టూ తిరిగి నవ్వాడు. "అరే ఫౌజీ సాబ్, దీన్ని కూడా స్కూటర్ అనుకున్నారా? నీళ్ళలో దించిన రోజే సగం రేటు పోతుంది. ఆ తర్వాత ఏటేటా పోతూనే ఉంటుంది. ఇంజిను ఒక్కటీ విప్పి ఇవ్వండి, చూస్తాను" అని చెట్టు మొదట్లో ఉమ్మేసి పోయాడు.

వాడు ఇస్తానన్నది దేనికీ చాలదు. అయినా మా ఆయన ఇంజిను విప్పి చూశారు. బోల్టులతో పాటు, దాన్ని బిగించిన వెనక చెక్క ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. పైన నున్నగా పుట్టీ, తెల్లరంగు. లోపలంతా నల్లటి కుళ్ళు. అంటే ఆ సుబేదారుకి తెలిసే అమ్మాడన్నమాట. నేను కట్టిచ్చిన పులిహోర పొట్లం పట్టుకుని రైలెక్కిన పెద్దమనిషి. ఛీ!

ఆ సుబేదారుని మా ఆయన నాలుగు తిడతారనుకున్నాను. తిట్టలేదు. సదర్ బజారుకి వెళ్ళి పుట్టీ డబ్బా, తెల్లరంగు కొనుక్కొచ్చారు.

ఆదివారం ఆయన యూనిట్‌లోనే పనిచేసే శ్రీకాకుళం హవల్దారు భార్యతో బోటు చూడ్డానికి వచ్చాడు. అతనూ రిటైరవబోతున్నాడు. మా ఆయన ఇంజిను మళ్ళీ బిగించి, బోటు తుడిచి పెట్టారు. నేను వాళ్ళకోసం అట్లు పోస్తున్నాను. ఆ అమ్మాయి బయటినుంచి పిలిచి, "అక్కా, మల్లీ అమ్మీసినా స్కూటర్లాగ రేటొస్తాది గదా?" అని అడిగింది.

బయటికి వచ్చాను. మా ఆయన నా కళ్ళలోకి చూశారు. వాయిదా గడువు ఆ నెలాఖరే. నేను ఔనంటే ఫ్లాటు మాది. ఆ అమ్మాయి మాత్రం అచ్చం అప్పటి నాలాగే ఆ తెల్లరంగు కేసి చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న అట్లకాడ తీసి ఆ కొత్త రంగు మీద పొడిచాను. పుట్టీ ఇంకా పచ్చిగానే ఉంది, సర్రున దిగింది. ఆ నల్లటి ముద్ద పెళ్ళగించి ఆమె ముందు పెట్టాను.

"లోపలున్నది ఇదీ. ఇష్టమైతే కొనుక్కోండి" అన్నాను.

వాళ్ళు అట్లు తినకుండానే వెళ్ళిపోయారు. మా ఫ్లాటు రద్దయింది. కట్టిన దాంట్లో కోత కోసుకుని మిగిలింది ఇచ్చారు. ఆయన రిటైరయ్యాక మేం పాలం విమానాశ్రయం దగ్గర ఒక్క గదిలోకి మారాం. ఇంజిను ఆ దళారే పట్టుకుపోయాడు, బోటుని ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదు.

మరుసటి ఏడు ఆ హవల్దారు గృహప్రవేశానికి పిలిచాడు. నోయిడా, అదే సొసైటీ. మేం వదులుకున్న ఫ్లాటే అతనికి వచ్చింది. ఆ అమ్మాయి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, "నువ్వు ఆపకపోతే మాకీ ఇల్లు లేదక్కా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏ గట్టు మీద స్టవ్ పెట్టాలో నేను ఎప్పుడో అనుకున్న వంటిల్లు అది. కానీ నేను చేసింది తప్పనిపించలేదు.

పాయసం గ్లాసుతో బాల్కనీలోకి వచ్చాను. మా ఆయన గోడ మీద చెయ్యేసి నిలబడి ఉన్నారు. నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

"ఆ పుట్టీని ఇంకో రెండ్రోజులు ఆరనిచ్చి పిలవాల్సింది వీళ్ళని."

గ్లాసు కింద పెట్టేశాను. ఆయన పక్కన మళ్ళీ ఆ బోటు కంపే కొట్టింది.