గోడవార మూరన్నర

వెండ్లాకు ఎనభై ఒకటి. ఎడమ తుంటి ఎప్పుడో మొండికేసింది. ఆవిడను సముద్రం దాకా చేర్చేది ఒక్కటే, జారుడుబండి. రెండు పొడుగాటి ఇనుప బద్దల మీద బిగించిన కుర్చీ అది. కుర్చీ వీపు పట్టుకుని, ఒక కాలు బద్ద మీద ఆనించి, రెండో కాలితో నేలను తన్నితే గడ్డకట్టిన వీధి మీద సర్రున పోతుంది. పొద్దు ఆలస్యంగా పొడిచే ఆ ఉత్తరాది ఊళ్లో చలికాలమంతా రోజూ పదింటికి, కాస్త వెలుగు రాగానే, రేవు గట్టు చివరిదాకా పోవాలి. అక్కడ బల్ల మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగి, గాలిని నాలుగు తిట్టి రావాలి. మొగుణ్ణి పూడ్చిన మర్నాడు కూడా వెళ్లింది. ఊళ్లో వాళ్లు నోళ్లు నొక్కుకుంటే, నొక్కుకోనీ అంది.

ఈ జనవరిలో ఒకరోజు తలుపు తీసేసరికి వీధంతా సన్న కంకర. బండి నాలుగడుగులు పోయి, కీచుమని ఆగిపోయింది.

ఎవరి పుణ్యమో ఆవిడకు తెలుసు. ఎదురింటి సిగ్‌బ్రిట్ డిసెంబరులో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కాళ్లు జారకుండా మా వీధికి కంకర చల్లండని నగర కార్యాలయానికి అర్జీ పెట్టింది. చల్లారు.

వెండ్లా లోపలికెళ్లి చీపురు తెచ్చింది. గోడవారగా, బండి పట్టేంత మేర, గడప నుంచి రేవుదాకా ఊడ్చింది. రెండు గంటలు పట్టింది. చలిగాలికి కారిన కన్నీళ్లు రెప్పల మీదే గడ్డకట్టాయి. అయినా కాఫీ గట్టు చివరే తాగింది.

మర్నాడు ట్రాక్టరు వచ్చి మళ్లీ చల్లింది. ఆవిడ మళ్లీ ఊడ్చింది. మూడోరోజూ అంతే.

నాలుగోరోజు కంకర చల్లకముందే ట్రాక్టరు తోలే టోర్కెల్ కిందికి దిగాడు.

"పెద్దమ్మా, నేను చల్లడం, నువ్వు ఊడ్చడం, ఏంటీ తంతు? ఎవరైనా పడితే?"

"పడితే లేస్తారు. నేను ఇంట్లో కూలబడితే మళ్లీ లేవను. రోడ్డంతా నువ్వే ఉంచుకో నాయనా, నాకు గోడవార మూరన్నర చాలు."

"ఆఫీసులో నాలుగు చక్రాల బండి ఇస్తారుగా, పట్టుకు నడవడానికి?"

"ఇస్తారు. మంచులో కూరుకుపోతే మీ ఆఫీసరొచ్చి లాగుతాడా?"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"దాని మాటలు వినకు టోర్కెల్, చల్లు! ఆ నున్నటి మంచు మీదే నా చెయ్యి విరిగింది!" అని అరిచింది సిగ్‌బ్రిట్.

"కంకర వేయించుకున్నాక ఎన్నిసార్లు బయటికొచ్చావే? ఆ తెర వెనకాల నీ ముక్కు రోజూ చూస్తూనే ఉన్నా."

సిగ్‌బ్రిట్ తల లోపలికి లాక్కుంది. గడప దాటడానికి గుండె చాల్లేదు మరి. సముద్రం చూసి ఆరు వారాలైంది.

వెండ్లా బండిని కంకర మీద గరగరా ఈడ్చుకుంటూ ఆ గుమ్మం ముందు నిలబెట్టింది.

"రా. కుర్చీ ఖాళీగానే ఉంది."

"ఆ తుంటితో నన్ను తోస్తావా? ఇద్దరం ఆసుపత్రికే!"

"తుంటి సంగతి నేను చూసుకుంటా. నువ్వు కోటు చూసుకో."

వచ్చింది. ఒళ్లో కంబళి, మెడకు వేలాడేసిన చేతికట్టు, ముఖంలో ప్రాణభయం. టోర్కెల్ నోరు తెరుచుకుని చూస్తుండగానే నిన్న ఊడ్చిన దారి వెంట బండి దూసుకుపోయింది. గట్టు చివర గాలి చెంప మీద కొట్టింది. సముద్రం కనుచూపుమేరా తెల్లగా గడ్డకట్టి ఉంది. సిగ్‌బ్రిట్ కాఫీ చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

"కాఫీ చల్లారిపోయింది," అంది చివరికి.

"మూసుకుని తాగు."

మర్నాడు ట్రాక్టరు మలుపు తిరిగేసరికి గోడవార ఇద్దరు ముసలమ్మలు. ఒకావిడ రెండు చేతులా చీపురు పట్టుకుంది, ఇంకొకావిడ ఒంటిచేత్తో.

"అర్జీ పెట్టింది నువ్వేగా, సిగ్‌బ్రిట్ పెద్దమ్మా!" అన్నాడు టోర్కెల్.

"రోడ్డుకు పెట్టాను, ఈ మూరన్నరకు కాదు. కావాలంటే ఇంకోటి రాస్తా. కుడిచెయ్యి దివ్యంగా ఉంది."

టోర్కెల్ ఇద్దర్నీ చూశాడు, చీపుర్లనూ చూశాడు. వెనక్కి వెళ్లి, కంకర తొట్టికి గోడవైపున్న మూత దించాడు, ఇక ఆ వైపు కంకర రాలదు.

వెండ్లా మెచ్చుకోలేదు, దారిలోంచి పక్కకీ తప్పుకోలేదు.

"ఇంకో బెత్తెడు అవతలికి!" అని చీపురుతో చూపించింది.