ఆరు బస్తాల ప్రయాణికుడు

డెస్మండ్ ఎయిరీ తూచకుండా దేన్నీ నమ్మడు. ఆయనకున్నది ఆ ఒక్క జబ్బే. తాగడు, పేకాడడు, ఒకరి మాట ఇంకొకరికి మొయ్యడు. కానీ చేతికి ఏది అందినా సరే, కోటు జేబులోంచి కొక్కెం ఉన్న చిన్న స్ప్రింగు కాటా తీసి, వస్తువు దానికి తగిలించి, కళ్ళజోడు సవరించుకుని అంకె పైకి చదివితేగానీ ఆయన మనసు కుదుటపడదు. కిర్క్‌బీ స్టీఫెన్ అనే చిన్న ఊరి పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై అయిదేళ్ళు పార్శిళ్ళు తూచిన మనిషి. ఉద్యోగం వదిలాడుగానీ కాటా వదల్లేదు.

ఈ జబ్బు సంగతి ఆయన బావమరిది అలెక్‌కి అందరికంటే ముందు తెలిసింది. అక్క నోరీన్ పెళ్ళినాడు కేకు చేసింది అలెకే. అప్పుడప్పుడే బేకరీలో చేరాడు. కొత్త పెళ్ళికొడుకు కేకు పళ్ళెం కింద చెయ్యి పెట్టి కాస్త పైకెత్తి, "తొమ్మిది పౌన్ల నాలుగు ఔన్సులు" అన్నాడు. అలెక్ బేకరీకి పరుగెత్తి చీటీ తెచ్చి చూపించాడు. తొమ్మిది పౌన్ల మూడు ఔన్సులు. "ఆ ఒక్క ఔన్సూ పైనున్న చక్కెర బొమ్మలది. అవి తర్వాత పెట్టుంటావు" అన్నాడు డెస్మండ్. నిజంగానే తర్వాత పెట్టాడు. ఆ రోజు నుంచి అలెక్‌కి బావంటే భయం, గౌరవం, నవ్వు మూడూ కలిసిన ఒక భావం ఏర్పడిపోయింది.

చర్చికి కొత్త ప్రార్థన పుస్తకాలొచ్చినప్పుడు ఫాదరీగారి ఎదుటే ఒకటి తగిలించి, "పాతదానికంటే పదకొండు గ్రాములు తక్కువండీ. ఏ ప్రార్థన తీసేశారు?" అని అడిగాడు. కాగితం పల్చనిదై ఉంటుందని ఆయన ఎంత సర్దిచెప్పినా వినలేదు. పాపం ఆ ఫాదరీగారు వారం రోజులు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని పేజీలు తిరగేశారు. పక్కింటి మార్జరీకి మనవరాలు పుడితే చూడ్డానికెళ్ళి పాప పేరడగలేదు, పోలికలడగలేదు. "ఆస్పత్రి కాటా సరైనదేనా?" అనడిగి వచ్చాడు.

ఇలాంటి మనిషి చేతికి వ్యాను వస్తే ఏమవుతుంది?

పార్శిళ్ళు మోసి మోసి అలిసిపోయిన ఒక పాత వ్యాను కొని, దాంట్లో మంచం, పొయ్యి, సింకు, అలమరాలు బిగించి, స్కాట్లండ్ తీరమంతా చుట్టి రావాలన్నది ముగ్గురూ కలిసి వేసుకున్న పథకం. డెస్మండ్, నోరీన్, అలెక్. రెండేళ్ళ కిందట నోరీన్ వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి, ఎర్ర పెన్సిలుతో దారి గీసింది అలెకే. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. నలభై రెండేళ్ళు పొద్దు పొడవకముందే లేచి పిండి పిసికాడు. ఊరికి రొట్టె లేకుండా ఒక్క పూటైనా ఉండకూడదని ఎక్కడికీ వెళ్ళలేదు. జిల్లా పట్నం కార్లైల్ దాటి ఎన్నడూ పడుకోలేదంటే నమ్మండి. ఆ మ్యాపు తన సింకు పైన గోడకి అంటించుకున్నాడు. గిన్నెలు కడిగేటప్పుడల్లా ఎర్ర గీత వెంబడి చూపుతోనే ప్రయాణం చేసి, పైకొసన ఉన్న సముద్రం దాకా వెళ్ళి వచ్చేవాడు.

అంతలో డెస్మండ్‌కి డెబ్బయ్యేళ్ళు నిండాయి. ఆ వయసు దాటాక మూడున్నర టన్నులకి మించిన బండి నడపాలంటే డాక్టరు పరీక్ష నెగ్గాలి. ఆయన ఎడమ కన్ను మసక. నెగ్గడు. కాబట్టి వ్యాను, మంచం, పొయ్యి, నీళ్ళు, గ్యాసు, మనుషులు, ఆ మనుషులు పొద్దున తిన్న గంజి, అన్నీ కలిపి మూడు వేల అయిదొందల కిలోలకి ఒక్క గ్రాము మించకూడదు. ఇంకెవరికైనా ఇది తలనొప్పి. డెస్మండ్‌కి మాత్రం తన జన్మకి అర్థం దొరికినట్టయింది.

అలమరా తలుపులకి జల్లెడలాగా చిల్లులు పెట్టాడు. బల్లకి కాళ్ళు నాలుగెందుకు, గోడకి ఆనిస్తే రెండు చాలు కదా అన్నాడు. పళ్ళు తోముకునే బ్రష్షుల పిడులు సగానికి కోశాడు. నోరీన్ ఇనప పెనాన్ని ఇంట్లోంచే కదలనివ్వలేదు.

అన్నిటికంటే ఘోరం నవలల విషయం. వ్యాన్లో పెట్టుకోవడానికి నోరీన్ ఒక హత్యల నవల తెచ్చుకుంది. సగం చదివి పక్కన పెట్టేసరికి, చదివేసిన సగాన్ని డెస్మండ్ నీటుగా కోసి తీసేశాడు.

"ఏమయ్యా, ఇందులో చచ్చిందెవరో మర్చిపోయాను. వెనక్కి తిప్పి చూద్దామంటే వెనకేమీ లేదు!"

"చదివేశావు కదా. చదివినదాని బరువు మళ్ళీ మొయ్యడమెందుకు?"

"హంతకుణ్ణి పట్టుకుంటారు సరే, వాడు చంపిందెవర్నో తెలియద్దా?"

"నూట తొంభై గ్రాములు తగ్గింది" అన్నాడు డెస్మండ్, అదేదో హంతకుడి పేరన్నట్టు.

ఆదివారం ఆదివారం చర్చి నుంచి రాగానే నోరీన్‌ని బాత్రూము కాటా ఎక్కించి అంకె రాసుకునేవాడు. తనూ ఎక్కేవాడు, బూట్లతో ఒకసారి, బూట్లు లేకుండా ఒకసారి. "ఇన్నేళ్ళ కాపురంలో నా వయసెంతో ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు చూడు, వారం వారం నా బరువు గోడకెక్కిస్తున్నాడు" అని నోరీన్ తమ్ముడి దగ్గర మొత్తుకునేది. అలెక్ కడుపుబ్బ నవ్వేవాడు.

అలెక్ కడుపు మామూలు కడుపు కాదు. ఆ సంగతి దాచినా దాగేది కాదు. ఇరవయ్యేళ్ళుగా అతను కాటా ఎక్కలేదు. డాక్టరు ఎక్కమంటే, "పోయినసారి రాసిందే మళ్ళీ రాసుకోండి, నేనేమీ అనుకోను" అనేవాడు. లావు మీద ఎవరైనా జోకు వెయ్యబోతే అంతకుముందే తనే వేసేసేవాడు. అలా అయితే నొప్పి కాస్త తక్కువ. అందుకే, ఊళ్ళో కుక్కని కూడా వదలకుండా తూచే బావ తన వంక చూసి కాటా తియ్యకపోవడం మొదట్లో అతనికి ఎంతో హాయిగా అనిపించింది.

వసంతం వచ్చేసరికి అదే హాయి ముల్లులా గుచ్చడం మొదలెట్టింది. వ్యాన్లో ఎక్కబోయే ప్రతి చెంచానీ తూచాడు. అక్కని తూచాడు. తనని తాను తూచుకున్నాడు. నన్నెందుకు తూచలేదు? తూచలేదంటే నేను లెక్కలో లేననేగా? ఆ మాట బావని అడిగెయ్యొచ్చు. కానీ ఆ ఊరివాళ్ళు అలాంటివి అడగరు. వానొస్తుందేమో అనుకుంటారు, టీ పెట్టుకుంటారు, ఇంటికెళ్ళి బాధపడతారు.

మే నెలలో ఆ అనుమానం కూడా తీరిపోయింది. డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చునే బెంచీ సీటు ఉండేది. ఒకరోజు అలెక్ అక్క ఇంటికి వెళ్ళేసరికి అది షెడ్డు వెనక వానలో తడుస్తోంది. దాని స్థానంలో ఒక్కరు పట్టే సీటుంది. అలెక్ టీ తాగాడు, వానొచ్చేలా ఉందన్నాడు, ఇంటికొచ్చి గోడ మీది మ్యాపు మడిచి సొరుగులో పెట్టేశాడు. తర్వాత మూడు ఆదివారాలు మోకాలి నొప్పని చెప్పి అక్క ఇంటికి భోజనానికి వెళ్ళలేదు. అరవై అయిదేళ్ళవాడు అలిగాడంటే నవ్వొస్తుంది గానీ, తనకి చోటు లేదని తెలిసినవాడికి ఏ వయసైనా ఒకటే.

జూన్‌లో ఒక మంగళవారం. మంగళవారమంటే గొర్రెల సంత. అలెక్ అలవాటుగా సంత క్యాంటీన్లో బేకన్ బన్ను తిని బయటికొచ్చేసరికి, గొర్రెల ట్రైలర్లు తూచే పెద్ద కాటా మీద తెల్లటి వ్యాను నిలబడి ఉంది. వెనక మూడు ట్రైలర్లు క్యూలో ఉన్నాయి.

"ఏంటి డెస్మండూ, పోయిన నెలేగా తూచావు?" కాటా చూసే జాస్ టాలెంటైర్ కిటికీలోంచి అరుస్తున్నాడు. "ఈ నెల మళ్ళీ మేసిందా ఏంటి?"

"ఇదే ఆఖరుదయ్యా. నీళ్ళు నిండా ఉన్నాయి. గ్యాసు, డీజిలు, దుప్పట్లు, నేను, నోరీను. అంతా ఎక్కేశాం."

"ఎప్పుడు బయల్దేరతారు?"

"అంకె సరిగా వస్తే శనివారం."

ఒళ్ళో సంచీ పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్న అక్క అలెక్‌కి కనపడింది. శనివారమట. అంతా ఎక్కేశారట. వచ్చిన దారినే వెళ్ళిపోదామనుకున్నాడు. ఈలోగా జాస్ గదిలోంచి దిగొచ్చి, వ్యాను పక్క తలుపు జరిపి తల లోపల పెట్టి పెద్దగా నవ్వాడు.

"ఒరేయ్, ఇటు రండ్రా! ఈయన గొర్రెల దాణాకి సీటు బెల్టు కట్టాడు!"

ట్రైలర్ల దగ్గరి రైతులంతా మూగారు. అలెక్ కూడా వచ్చి చూశాడు. డ్రైవరు వెనక, కొత్తగా బిగించిన వెడల్పాటి సీటు. దాని మీద ఒకదానిపై ఒకటిగా ఆరు దాణా బస్తాలు. ఒక్కోటి పాతిక కిలోలు. బస్తాల చుట్టూ బెల్టు, పద్ధతిగా.

"ఏంటయ్యా ఇది? దారిలో గొర్రెల్ని కొంటావా?" అన్నాడు ఒక రైతు.

డెస్మండ్ వ్యాను దిగి వచ్చాడు. గుంపులో అలెక్ కనపడ్డాడు. జేబులో చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"బావా, ఆ సీటెవరిది?" అన్నాడు అలెక్.

"ఒక... ఒక ప్రయాణికుడిది."

"ఆరు బస్తాలా!" జాస్ ఈల వేశాడు. "ఎవరో గానీ బాగా బతికినవాడే."

నోరీన్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "ఇంక నా వల్ల కాదు, చెప్పేస్తున్నా. నీదేరా! నెల రోజుల్నుంచి నోరు కుట్టుకుని చస్తున్నాను. అంకె వచ్చేదాకా వాడికి చెప్పకు, రాకపోతే ఆశపెట్టి ఏడిపించినట్టవుతుందని ఒకటే గోల ఈయన. నీకు ఇరుకని ముందు బెంచీ పీకేసింది అందుకే, చిల్లులు పెట్టింది అందుకే, నా నవల కోసింది అందుకే!"

అలెక్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. మామూలుగా అయితే ఈపాటికి తన మీద తనే జోకు వేసుకుని ఉండేవాడు. ఈసారి వెయ్యలేదు. బస్తాల వంక చూశాడు, తన పొట్ట వంక చూసుకున్నాడు, బావ వంక చూశాడు.

"ఆరా?" అన్నాడు. "బావా, నేను ఆరు బస్తాలా?"

"అంటే... అది నా అంచనా..."

"పోస్టాఫీసులో ముప్పై అయిదేళ్ళు చేసి నువ్వేసే అంచనా ఇదా? తప్పుకో!"

నలభై రెండేళ్ళు పిండి బస్తాలు మోసిన భుజాలు అవి. బెల్టు విప్పి, రెండేసి బస్తాలు ఒకేసారి భుజానేసుకుని మూడు విడతల్లో కాటా అవతల పడేశాడు. రైతులు దారిచ్చారు. ఆ తర్వాత మెట్టెక్కి, ఊపిరి బిగబట్టి, ఆ సీట్లో కూర్చున్నాడు. బెల్టు లాగాడు. ఏ బండిలోనైనా సగంలో ఆగిపోయే బెల్టు, ఈసారి పొట్ట చుట్టూ తిరిగి అవతల టక్కున పడింది. ఇంకా జానెడు మిగిలింది.

"ఏయ్ జాస్, చూస్తావేం? తూచు!"

జాస్ గదిలోకి పరుగెత్తాడు. డెస్మండ్ తన సీట్లోకెక్కాడు. సంత మొత్తం ఒక్క క్షణం చప్పుడు చెయ్యలేదు, గొర్రెలు తప్ప.

"బస్తాలతో మూడు వేల నాలుగొందల తొంభై!" జాస్ అరిచాడు. "అలెక్‌తో మూడు వేల నాలుగొందల డెబ్భై!"

"నూట ముప్పై" అన్నాడు అలెక్, ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ అంకె తన నోటితో తనే. చెప్పాక చూస్తే అంత భయపడాల్సిందేమీ కనపడలేదు. "అయిదు బస్తాల పైన అయిదు కిలోలు. విన్నారా అందరూ? ఆరు కాదు!"

"ఇవాళ సంతలో నీదే మొదటి బహుమతి!" అన్నాడు ఆ రైతు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అలెక్ నవ్వాడు.

నవ్వు తగ్గాక ముందుకి వంగి మెల్లగా అడిగాడు. "నన్నడిగుంటే సరిపోయేదిగా బావా. ఊరంతా తూచావు. నన్నొక్కణ్ణే ఎందుకు వదిలేశావు?"

డెస్మండ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ చెప్పాడు. "కౌంటర్లో ఉన్నన్నాళ్ళూ నాకొకటే పద్ధతి. మనిషి తనంతట తను బల్ల మీద పెట్టిందే తూస్తాను. చంకలో దాచుకున్నదాన్ని ఇలా ఇవ్వమని అడగను."

అలెక్ బెల్టుని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"మరి ఆరెందుకు? అయిదు పెట్టొచ్చుగా?"

"అయిదు పెట్టి, నువ్వు అయిదున్నర ఉన్నావనుకో. దారిలో ఎవడో ఆపి తూస్తాడు. బరువెక్కువైంది, ఏదో ఒకటి దింపమంటాడు. పదిమందిలో నిన్ను దిగమంటే? అందుకే ఒక బస్తా ఎక్కువేసుకున్నాను. దానికి తగ్గట్టు మిగతావి తీసేశాను."

"తీసేసినవేంటో అడుగు" అంది నోరీన్. "పద్దెనిమిది రోజుల ప్రయాణానికి ఈ మహానుభావుడు తనకి పెట్టుకున్నది ఒకే ఒక్క చొక్కా. ఒంటి మీదున్నదే అది!"

"రెండో చొక్కా రెండొందల అరవై గ్రాములు" అన్నాడు డెస్మండ్.

వెనక ట్రైలరువాడు హారన్ కొట్టాడు. కాటా ఖాళీ చెయ్యమని జాస్ చెయ్యి ఊపాడు.

"సరే అలెక్, దిగు. ఇంటికెళ్ళి నీ సామాను సర్దుకో. ముప్పై కిలోలు మిగిలింది, నీకేం కావాలంటే అది తెచ్చుకో" అన్నాడు డెస్మండ్.

అలెక్ దిగలేదు. బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు.

"నా సామాను తర్వాత. ముందు మీ ఇంటికి పోనివ్వు బావా, నీ చొక్కాలన్నీ తెద్దాం. పద్దెనిమిది రోజులు నీ వెనకాలే కూర్చోబోయేది నేను!"