శవాన్ని తీసేసిన కంపైలర్

నా పుణ్యమా అని ఒకరి అంత్యక్రియలు ఆగిపోయాయి. కారణం, చచ్చినవాడు రాలేదు. ఇంతకంటే ఘోరమైన సాఫ్ట్‌వేర్ తప్పు మీలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, వచ్చి మీ కాళ్లకు దణ్ణం పెట్టుకుంటాను.

అప్పుడు నాకు పాతికేళ్లు. ఒళ్లంతా తెలివేనని నమ్మే వయసు. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద మాది రెండు గదుల ఆఫీసు. సునీత మేడమ్ యజమాని, నేను ప్రోగ్రామర్ని. మూడో మనిషి ఏసీ బాగుచేసేవాడు, పాపం రోజూ వచ్చేవాడు. మేం తయారుచేస్తున్నది సినిమా స్క్రిప్టుల కంపైలర్. పేరు చూసి కంగారు పడకండి. స్క్రిప్టు దాని నోట్లో వేస్తే, ఏ సీన్‌కి ఎవరు రావాలో, ఏ సామాను కావాలో తేల్చుకుని, అందరి ఫోన్లకూ కబురు పంపే ప్రోగ్రామును తనే రాసి పెడుతుంది. అంతే.

ఒక సినిమా ప్రొడక్షన్ మేనేజర్ బాబూరావు గారు ఒక్క రోజు షూటింగ్‌కి దాన్ని వాడి చూస్తానన్నారు. "ఆ ఒక్క రోజూ సవ్యంగా గడిస్తే మనకు ఆఫీసు ఉంటుంది చైతన్యా. లేదంటే తాళం వేసి ఎవరిళ్లకు వాళ్లం పోదాం" అన్నారు మేడమ్.

మొదటి జాబితా చూసి బాబూరావు గారు కళ్లజోడు తీసేశారు.

"ఏంటండీ ఇది? ఒక్క సీన్‌కి ఇరవై పేజీలా? గోడ మీద బల్లి కూడా రాశారు. బల్లిని డేట్లు అడగమంటారా?"

"స్క్రిప్టులో ఉంది సార్."

"స్క్రిప్టులో సవాలక్ష ఉంటాయి. పనికొచ్చేవి ఉంచి మిగతావి పీకెయ్యండి!"

పీకేశాను. కంపైలర్‌కు కొత్త రూలు నేర్పాను. సీన్‌లో ఎవరైతే మాట్లాడరో, కదలరో, ఏ వస్తువూ ముట్టుకోరో, వాళ్లను తీసెయ్. బల్లి ఎగిరిపోయింది. ఇరవై పేజీలు నాలుగయ్యాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నాకు ఇంకో పిచ్చి ఉండేది. కంపైలర్ చేసే ప్రతి పనికీ కారణం రాసిపెట్టే టూల్ ఒకటి మా దగ్గర ఉండేది. అది రాసిన ముక్క దాన్ని తయారుచేసిన నాకే అర్థమయ్యేది కాదు. దానికి శుభ్రమైన తెలుగు నేర్పి, ఎవర్ని తీసేస్తే వాళ్లకే, ఎందుకు తీసేశామో వివరంగా ఫోన్‌కి పంపే ఏర్పాటు చేశాను. మర్యాద అన్నమాట!

"ఒకసారి సీన్‌తో సరిచూశావా?" అనడిగారు మేడమ్.

"అక్కర్లేదు మేడమ్, రూలు అంత పక్కా."

ఆ మాటన్న నోటిని నేనిప్పటికీ క్షమించలేదు.

షూటింగ్ రోజు పొద్దున్నే జూబ్లీహిల్స్‌లో కిరాయికి తీసుకున్న పెద్ద బంగళాకు వెళ్లాను. హీరో తండ్రి చనిపోయే సీన్. తెల్లబట్టల్లో నలభై మంది ఏడవడానికి సిద్ధం. పాడె సిద్ధం, పూలు సిద్ధం, గ్లిజరిన్ సిద్ధం. నా జాబితాలో ఒక్కటి కూడా తప్పిపోలేదు. నేను చేతులు కట్టుకుని, సినిమా తీస్తున్నది నేనే అన్నట్టు నిలబడ్డాను.

డైరెక్టర్ గారు పాడెకేసి చూశారు. "శవం ఏదీ?"

నేను నేర్పిన రూలు గుర్తొచ్చింది. మాట్లాడడు. కదలడు. ఏ వస్తువూ ముట్టుకోడు. అయ్యబాబోయ్!

బాబూరావు గారు శవం వేషం వేయాల్సిన యాదగిరికి ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టారు. "ఏమయ్యా, రాలేదేం?"

"మీరే గద సార్ రావద్దన్నరు" అంది బోరబండ నుంచి ఒక ముసలి గొంతు. "ఫోన్ల పెద్ద ఉత్తరమొచ్చింది. మా మనవరాలు సదివింది. నేను ఏ పని చెయ్యనంట, నేను లేకున్నా నష్టం లేదంట. ముప్పై ఏండ్ల సంది పండుకుంటున్న సార్, గిట్ల ఎవ్వరనలే."

నలభై మందీ నాకేసి తిరిగారు. అప్పటికింకా ఎవరూ గ్లిజరిన్ వేసుకోలేదు గానీ, నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వెంటనే ఆటో ఎక్కవయ్యా" అని ఫోన్ పెట్టేసి, బాబూరావు గారు నన్ను ఎగాదిగా చూశారు. హీరో తల్లి వేషం వేసే ఆవిడ పదకొండింటికల్లా వెళ్లిపోవాలి. ఆగే వీల్లేదు.

"నువ్వు పడుకో."

"నేనా సార్?"

"ఏ పనీ ఉండదని రాశావుగా! భయపడకు. షాటయ్యాక లేచి కెమెరాకేసి నవ్వితే దోషం పోతుంది. శవం వేషం వేసిన ప్రతివాడూ చేసేదే."

మీసం అంటించి, దండ వేసి, ముక్కులో దూది పెట్టారు. పడుకున్నాను.

"కట్! శవం ఊపిరి పీలుస్తోంది!"

ఊపిరి బిగబట్టాను. "కట్! శవం ఎర్రబడుతోంది!"

కళ్లు గట్టిగా మూశాను. "కట్! రెప్పలు కొట్టుకుంటున్నాయి. బాబూ, నువ్వు పోయావు, గుర్తుంచుకో!"

ఆరో టేక్‌లో ఈగ వాలింది. తొమ్మిదోదానిలో తల్లి వేషం ఆవిడ నా మీద పడి గుండెలు బాదుకుంది. నిజానికి బాదింది నా గుండెలు. పదకొండో టేక్‌లో ఆవిడ కన్నీటి చుక్క ఒకటి నా చెవిలో పడి లోపలికి పాకింది. నవ్వు ఆపుకోలేకపోయాను. పాడె మీద శవం కిలకిలా నవ్వుతుంటే నలభై మందిలో ఒక్కరూ ఏడవలేకపోయారు.

అప్పుడొచ్చాడు యాదగిరి. ఉతికిన తెల్లచొక్కా, చేతిలో సంచి. పాడె దగ్గర నిలబడి నన్ను చూశాడు.

"జర జరుగు బిడ్డా. ఊపిరి ఆపొద్దు, కడుపుల సన్నగ తీస్కోవాలె. రెప్పలు బిగవట్టొద్దు, నిద్రొస్తున్నట్టు ఒదిలెయ్యాలె."

పడుకున్నాడు. ఒక్క టేక్. మనిషి నిజంగానే పోయాడేమోనని నేను పరుగెత్తబోతే కెమెరామన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. డైరెక్టర్ గారు ఓకే అనగానే యాదగిరి లేచి, కెమెరాకేసి బోసినోరు తెరిచి చక్కగా నవ్వాడు.

"తప్పయిపోయింది తాతా" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. సూడక రాసినవ్. ఇప్పుడు సూసినవ్ గద."

"ఇప్పుడు నువ్వు నవ్వాలయ్యా" అన్నారు బాబూరావు గారు నన్ను కెమెరా ముందుకు తోస్తూ. "నువ్వూ శవానివేగా. నవ్వకపోతే నా సినిమాకి అరిష్టం."

సరిగ్గా అప్పుడే అందరి ఫోన్లూ మోగాయి. ఆయన రికార్డు కోసమని శవం వేషం పక్కన నా పేరు ఎక్కించారట. కంపైలర్ తన పని తాను చేసుకుపోయింది, షూటింగ్ మధ్యలో వచ్చిన మార్పు కాబట్టి ఈసారి అందరికీ పంపింది. "చైతన్య గారు రానక్కర్లేదు. కారణం: ఈయన ఏ పనీ చేయరు. లేకపోయినా నష్టం లేదు."

వెంటనే సునీత మేడమ్ ఫోన్. "నాకూ వచ్చింది. ఇన్నాళ్లకు నీ టూల్ ఒక నిజం రాసింది. తాళం కొనుక్కుని రా."

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నవ్వాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే నవ్వలేకపోయాను. మూతి సాగదీశాను, బుగ్గలు వేళ్లతో లాగి చూశాను, రాలేదు. బాబూరావు గారు తల పట్టుకున్నారు.

"ఖర్మ! శవంగా ఉన్నప్పుడు నవ్వాడు, నవ్వమంటే శవంలా ఉన్నాడు!"

కాబట్టి పాఠకమహాశయులారా, అంటించిన మీసం సాక్షిగా, ముక్కులో దూది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ మనిషి పేరు పక్కనా 'ఏ పనీ చేయడు' అని ఈ జన్మలో రాయను. రాయక తప్పకపోతే, ముందు వెళ్లి ఆ మనిషి చోట పదకొండు టేకులు పడుకుంటాను.

ఆ సాయంత్రం ఆఫీసుకు తాళం వేసే ముందు కంప్యూటర్ తెరిచి చివరిగా ఒక పని చేశాను. బల్లిని మళ్లీ జాబితాలో పెట్టాను.