ఒకే నిమిషంలో ఆగే రెండు టవర్లు

బస్సు మూడో మలుపులో లారీ వెనక చిక్కుకుని ఆగిపోయింది. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. లారీవాడికి అదేమీ పట్టినట్టు లేదు. ఊళ్లో అంతా సిగ్నలాయన అని పిలిచే మనిషి ఒళ్లోని ఇంజిన్ ఆయిల్ డబ్బాను రెండు చేతులా పట్టుకుని, పక్క సీట్లోని ఆవిడ వైపు ఓరగా చూశాడు. ఆవిడ మోకాళ్ల మీద ఒక అట్ట, దాని మీద రబ్బరు బ్యాండ్లతో బిగించిన నాలుగు ఫోన్లు. నాలుగూ వెలుగుతున్నాయి.  ఇరవై రెండేళ్లుగా టవరు కింద బతుకుతున్న మనిషికి, సిగ్నలు తూచడానికి వచ్చినవాళ్లెవరో ఒకరు చెప్పక్కర్లేదు.

"టవర్ల కొండకి ఎక్కడ దిగాలండీ?" అని ఆవిడే అడిగింది.

"చివరి స్టాపమ్మా. ఇంకా ఆరు మలుపులున్నాయి. అక్కణ్ణుంచి పైకి జీపు దొరుకుతుంది."

"అక్కడి కాపలావాళ్లు మీకు తెలుసా?"

"ముఖపరిచయం," అన్నాడు. పూర్తిగా అబద్ధం కాదు. అందులో ఒకడి మొహం రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూస్తూనే ఉంటాడు.

ఆయన ఆ కొండెక్కిన కొత్తలో చుట్టుపక్కల ఏడు ఫోన్ కంపెనీలుండేవి. పాత రాజుల కథలు చదివినవాళ్లకు ఇలాంటివి కొత్త కాదు. పొద్దున ఒక జెండా, సాయంత్రానికి ఇంకో జెండా, బురుజు మీది కావలివాడు మాత్రం వాడే. ఆయన కూడా కొండ మారకుండానే నాలుగు రంగుల చొక్కాలు మార్చాడు. ఒకదాన్నొకటి మింగగా మింగగా చివరికి రెండు మిగిలాయి. ఎర్ర కంపెనీ, నీలం కంపెనీ. ఆయనది నీలం. పక్క కంచెలోని ఎర్ర టవరుకు కాపలా ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. పోటీ ముదిరిన రోజుల్లో బావా బావమరుదులిద్దరూ బస్టాండులో ఎదురెదురు గొడుగుల కింద నిలబడి ఉచితంగా సిమ్ములు పంచారు. అత్తగారి ఫోనులో ఎవరి సిమ్ము ఉండాలన్న తగాదాతో ఆర్నెల్లు మాటల్లేవు. అత్తగారు గడుసుది, రెండు సిమ్ములు పట్టే ఫోను కొనిపించుకుంది. రెండు నెలల కిందట ఎర్రది నీలాన్ని మింగేసింది. ఇక ఒక కొండకు రెండు టవర్లు దండగ.

"ఏది ఉంచాలో చూడ్డానికి వచ్చారా అమ్మా?"

"అదొకటి. ఇంకో వింత కూడా ఉంది లెండి." ఆవిడ నవ్వింది. "రెండు కంపెనీల రికార్డులూ ఇప్పుడే పక్కపక్కన పెట్టి చూశాం. రెండేళ్లుగా ఆ రెండు టవర్లూ ఒకే నిమిషంలో ఆగుతున్నాయి, ఒకే నిమిషంలో లేస్తున్నాయి. కవలపిల్లలు కూడా ఇంత పొందిగ్గా ఏడవరు."

ఆయన నవ్వలేకపోయాడు. "అయితే?"

"పన్నెండుకి కొండకి కరెంటు ఆపమని చెప్పాను. దేని డీజిల్ ఇంజిను మీద అది నిలబడుతుందో చూస్తాను. ఒకే ఇంజినుతో రెండూ నడుపుతున్నారని తేలితే ఇద్దరికీ ఉద్వాసనే."

"తేలకపోతే?"

"నిలబడ్డ టవరు మనిషి ఉంటాడు. రెండోవాణ్ణి ఇంకో కొండకి పంపిస్తారు, తప్పు వాడిది కాకపోతే."

లారీ కదిలింది. తర్వాతి మలుపులో ఆయన చిన్న పనుందని చెప్పి దిగిపోయాడు. రోడ్డు కొండ చుట్టూ తిరిగి వెళ్లాలి. కాలిబాట పట్టుకుంటే అరగంట ముందు చేరవచ్చు.

ఆవిడ అనుమానం నిజమే. రెండేళ్ల కిందట నీలం టవరు ఇంజిను పగిలింది. అమ్మకానికి పెట్టిన ఇంటికి సున్నం కొట్టించేదెవరు? ఎన్ని ఉత్తరాలు రాసినా కంపెనీ ఉలకలేదు, పలకలేదు. అప్పుడు బావమరిది తన ఇంజిను, బ్యాటరీలు రెండింటి నుంచీ కంచె కింద పైపు పెట్టి ఒక వైరు లాగి, పైన గడ్డి కప్పాడు. ఆనాటి నుంచి ఎర్ర ఇంజిను దగ్గితే రెండు టవర్లూ దగ్గాయి. రెండు ఆఫీసుల రికార్డులు ఏదో ఒకరోజు ఒకే బల్ల మీదికి చేరతాయన్న ఆలోచన ఆ ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

బావమరిది కంచెకు వీపు ఆనించి పేపరు చదువుతున్నాడు.

"లే. వైరు పీకాలి."

"ఆ రొప్పేంటి బావా, కుక్కలు తరిమాయా?"

"నాలుగు ఫోన్లావిడ తరిమింది. జీపులో వస్తోంది. పన్నెండుకి కరెంటు తీయిస్తుందట."

బావమరిది పేపరు మడిచాడు. "పీకితే నీది పడిపోతుంది."

"పీక్కపోతే ఇద్దరం పడతాం. ఇంట్లో ఒక ఉద్యోగమైనా మిగలాలా వద్దా?"

"ఇంజిను రెండేళ్లుగా చెడిపోయే ఉందని నేను చెప్తాను. నువ్వు రాసిన ఉత్తరాలున్నాయిగా."

"మరి రెండేళ్లు టవరు దేనితో నడిచిందని అడుగుతుంది. ఏం చెప్తావు, గాలితోనా?"

 ఇద్దరూ గడ్డి లాగి వైరు పీకారు. సిగ్నలాయన చూపుడువేలి గోరు లేచిపోయింది. బావమరిది వైరును చుట్ట చుట్టి పొదల్లోకి విసిరాడు. సిగ్నలాయన పగిలిన ఇంజిను మీది సాలెగూళ్లను చొక్కాతో తుడిచి, బావమరిది ఇంజినుకని తెచ్చిన కొత్త ఆయిలు పూసి, నిన్నటిదాకా తిరిగినట్టు చేశాడు. దిగువన జీపు మూలుగుతూ ఎక్కుతోంది.

ఆవిడ దిగగానే ఆయన్ని గుర్తుపట్టింది. "ముఖపరిచయం అన్నారు."

"అవునమ్మా."

"ముందే దిగిపోయారు."

"దగ్గరదారి ఉందమ్మా."

ఆవిడ స్టూలు మీద కూర్చుని అట్ట ఒళ్లో పెట్టుకుంది. పన్నెండుకు కరెంటు పోయింది. ఎర్ర ఇంజిను గుర్రుమని అందుకుంది. నీలం టవరు బ్యాటరీల మీద నిలబడింది. నీలం సిమ్ములున్న ఫోన్లలో నాలుగేసి గీతలు. ముగ్గురూ వాటినే చూస్తున్నారు. ఇరవై నిమిషాలకు మూడు. అరగంటకు రెండు. ఆయన మెడ మీద చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యెత్తితే గోరు కనిపిస్తుందని ఊరుకున్నాడు. ముప్ఫై ఎనిమిదో నిమిషంలో గీతలు పోయాయి.

"ఇంజిను వెయ్యరేం?"

"పొద్దున బిగుసుకుపోయిందమ్మా. ఆయిలు చూసుకోలేదు. తెద్దామనే వెళ్లొచ్చాను."

"అంటే తప్పు?"

"నాదే."

ఆవిడ వెళ్లి ఇంజినును వేలితో తాకింది. వేలికంటిన ఆయిలును చూసుకుంది. కంచె పక్క చెదిరిన గడ్డిని కూడా చూసింది. బావమరిది వైపు తిరిగింది. "ఈయన చెప్పింది నిజమేనా?"

ఒక్క "అవును" చాలు. సిగ్నలాయన ఎదురుచూసింది కూడా ఆ ఒక్క మాట కోసమే.

"నిజమేనండి," అన్నాడు బావమరిది. ఎర్ర చొక్కా గుండీ సర్దుకున్నాడు. "నేనెన్నోసార్లు చెప్పానండి. ఆయన వినరు. మొదట్నుంచీ అంతే, పని మీద ధ్యాస ఉండదు. నా ఇంజిను చూడండి, అద్దంలా పెట్టుకుంటాను."

ఆవిడ కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పెన్ను తీసింది. "అశ్రద్ధ అని రాయాలి మరి. ఇంకో కొండ ఇవ్వరు."

"రాయండమ్మా," అన్నాడు సిగ్నలాయన.

ఆవిడ రాస్తోంది. బావమరిది ఆవిడకు జీపు దాకా అట్ట మోస్తానని ముందుకొచ్చాడు. సిగ్నలాయన గదిలోంచి టిఫిను డబ్బా తెచ్చుకున్నాడు, తాళాల గుత్తిని కంచెకు తగిలించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన బావమరిది చెప్పులనే చూశాడు, పైకి చూడలేదు.

"బావా," అంది వెనకనుంచి బావమరిది గొంతు. "రాత్రికి ఇంటికొస్తాను. అక్కకి నేను చెప్తాలే."

ఆయన అప్పటికే కాలిబాట దిగుతున్నాడు.