మా బిడ్డ నోట్‌బుక్కుల ఎర్ర టిక్కు

నేను సాంచాల మీద, గదే కరెంటు మగ్గాల మీద, బట్ట నేస్త. ఇయ్యాల పొద్దుగాల పనికి పోకుంట బిడ్డ చదివే బడికి పోయిన. ఎందుకో చెప్త.

నిన్న వాళ్ల ఇంగ్లీషు సారు డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ చెప్పిండు. ముగ్గురు పిల్లలను నిలబెట్టి, మీ బాపులు ఏం పని జేస్తరని అడిగిండట. ఆటో నడిపేటాయన పూర్, హోటల్ల పని చేసేటాయన పూరర్, సాంచాలు నడిపే నేను పూరెస్ట్ అని చెప్పిండట. "మై ఫాదర్ ఈజ్ ద పూరెస్ట్" అని మా బిడ్డ గుండ్రటి అక్షరాలతోని రాసుకున్నది. పక్కన సారు పెట్టిన ఎర్ర టిక్కు.

గా నోట్‌బుక్కు సారు ముందట పెట్టిన.

"ఉదాహరణకు చెప్పిన. కండ్ల ముందటిది చెప్తె పిల్లలకు యాదుంటది. గంతదానికే కోపమైతె ఎట్ల?" అన్నడు, చాయ తాగుకుంట.

"క్లాసుల పొడుగు పిల్లలు లేరా సారూ? టాల్, టాలర్ అని చెప్పకపోయినవా? లేకుంటె రిచ్, రిచర్ అని మీ బడి ఓనరును నిలబెట్టకపోయినవా?" అన్న.

సారు చాయ గ్లాసు దిక్కు చూసిండు గని నా మొకం దిక్కు చూడలే.

మాపటికి ఇంట్ల గా లైను కొట్టేద్దామని పెన్ను తీసిన. బిడ్డ నోట్‌బుక్కు గుంజుకున్నది.

"కొట్టెయ్యకు బాపూ. టిక్కు పడ్డది. పరీక్షల గిదే రాస్తె మార్కు వస్తది."

సారుకు చెప్పేది చెప్పి వచ్చిన. బిడ్డకు ఏం చెప్పాలెనో మీకెవలికన్న తెలిస్తె కింద రాయుండ్రి.